జీటీఏ ట్రైలజీ ఇప్పుడు కొనొచ్చా, పాత శాన్ ఆండ్రియాస్‌కే ప్యాచ్ వేసుకోవాలా?

గాజువాక_జంక్షన్:
గురూ, ఒక సలహా కావాలి. జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ మూడింటినీ కొత్త గ్రాఫిక్స్‌తో కలిపిన డెఫినిటివ్ ఎడిషన్ 2021లో వచ్చినప్పుడు ఎవర్ని అడిగినా దాని జోలికి పోవద్దన్నారు. ఇప్పుడేమో బాగుపడిందంటున్నారు. నిజంగా ఏం మారింది? నా లాప్‌టాప్ ఐ5, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650. ఎస్‌ఎస్‌డీలో 50 జీబీ ఖాళీ ఉంది. పాత శాన్ ఆండ్రియాస్ స్టీమ్ (ఆటలమ్మే ఆన్‌లైన్ స్టోర్) లైబ్రరీలో ఎప్పట్నుంచో ఉంది. వైస్ సిటీ మాత్రం లేదు. డబ్బులు పెట్టే ముందు తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రుషికొండ_రైడర్:
అప్పట్లో జనం కోపానికి కారణం ఉంది తమ్ముడూ. 2021 నవంబర్ 11న విడుదలైంది. పీసీలో అయితే కంపెనీవాళ్ల రాక్‌స్టార్ లాంచర్ (ఆట తెరిచే ప్రోగ్రామ్) ఆ రోజే పడిపోయింది, ఆట మళ్లీ అమ్మకానికి రావడానికి రోజులు పట్టింది. పొరపాటున లోపల ఉండిపోయిన ఫైళ్లు తీసేస్తున్నామన్నారు. నవంబర్ 19న కంపెనీయే క్షమాపణ చెప్పింది.

ఆట లోపలి సంగతికొస్తే, పాత టెక్స్చర్లను (గోడలు, బోర్డుల మీద అంటించే బొమ్మలు) మెషీన్‌తో పెద్దవి చేయించి, తర్వాత మనిషి కంటితో సరిగ్గా చూసుకోలేదు. దాంతో షాపు బోర్డుల మీద అక్షరాలు తప్పులైపోయాయి. శాన్ ఆండ్రియాస్‌లో డోనట్ షాపు మీదుండే ఆరు పలకల నట్టు గుండ్రంగా తయారైంది. ఆ షాపు పేరులోనే నట్టు ఉంది, బొమ్మలో ఉన్న సరదా అదే. ఆ పలకలు పోతే ఇంకేం మిగిలింది? వాన తెల్ల గీతల్లా పడి రోడ్డే కనిపించేది కాదు, సముద్రం ముందు నిలబడితే అదే వాన మాయమయ్యేది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం పొగమంచు తీసేయడం. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నిలబడి డాల్ఫిన్స్ నోస్ వైపు చూడు. గాలిలో తేమకి కొండ మసకగా కనిపిస్తుంది, అందుకే ఎంతో దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. 2004లో శాన్ ఆండ్రియాస్ చేసినవాళ్లు కన్సోల్ శక్తి చాలక దూరాన్ని మంచుతో కప్పారు, కానీ ఆ మసకే మ్యాప్‌ని పెద్దది చేసింది. కొత్తదాంట్లో ఆ తెర తీసేసరికి ఆటలోని మౌంట్ చిలియాడ్ కొండ ఎక్కితే లాస్ శాంటోస్ నగరం కాళ్ల దగ్గరే కనిపించింది. మూడు నగరాలున్న రాష్ట్రం ఒక పేటంత అయిపోయింది.

ఇప్పుడు మారింది ఇదే. 2023 డిసెంబర్‌లో ఫోన్లకి వచ్చిన వెర్షన్‌లో ముందుగా క్లాసిక్ లైటింగ్ పెట్టారు. 2024 నవంబర్ అప్‌డేట్‌తో అది పీసీకీ కన్సోళ్లకీ వచ్చింది. సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే ఆకాశం రంగులు, దూరపు మసక పాతదానికి బాగా దగ్గరగా వస్తాయి. ఆట మొదలుపెట్టగానే చేయాల్సిన మొదటి పని అది.

వైస్ సిటీ కావాలంటే కొను, తప్పులేదు. మిషన్ ఫెయిలైతే చెక్‌పాయింట్ నుంచి మొదలెట్టొచ్చు, దారి చూపే మ్యాప్ ఉంది, ఆయుధాలు చక్రంలోంచి ఎంచుకోవచ్చు. జీటీఏ 3లో అయితే ఒరిజినల్‌కి పాజ్ మెనూలో మ్యాపే లేదు, కాబట్టి ఆ ఒక్కదానికి కొత్తదే సుఖం. రేడియోలో లైసెన్స్ అయిపోయిన పాటలు కొన్ని ఉండవు, అది ముందే తెలుసుకో.

సెక్టార్_టెన్:
శాన్ ఆండ్రియాస్ విషయంలో నేను ఒప్పుకోను. క్లాసిక్ లైటింగ్ ఆన్ చేసినా మనుషుల ముఖాలు ప్లాస్టిక్ బొమ్మల్లానే ఉన్నాయి. నీ దగ్గర ఒరిజినల్ ఉంది కాబట్టి దాన్నే బాగుచేసుకో. డబ్బు ఖర్చు లేదు, గంట పని.

ముందు ఆట ఫోల్డర్ మొత్తాన్ని ప్రోగ్రామ్ ఫైల్స్ బయటికి, డీ డ్రైవ్ లాంటి చోటికి కాపీ చెయ్యి. అక్కడే ఉంచితే విండోస్ ఒక్కోసారి ఫైళ్లు రాయనివ్వదు, మోడ్లు (ఆటని మార్చే బయటి ఫైళ్లు) సగం పనిచేసి సగం ఆగిపోతాయి, ఎందుకో తెలీక జుట్టు పీక్కుంటావు. తర్వాత డౌన్‌గ్రేడర్ అనే టూల్‌తో మొదటి 1.0 వెర్షన్‌కి దించు. స్టీమ్‌లో ఉన్నది 2014లో మార్చిన వెర్షన్. పాత బగ్గులు సరిచేసే సైలెంట్‌ప్యాచ్‌లోని ఫిక్సులన్నీ 1.0 మీదే పనిచేస్తాయి, స్టీమ్ వెర్షన్ మీద కొన్నే. పాత సేవ్ ఫైళ్లు 1.0లో తెరుచుకోవు, ఆట మొదటినుంచి ఆడాల్సిందే.

ఆ పైన ఏఎస్‌ఐ లోడర్ (మోడ్లని ఆటలోకి ఎక్కించేది), సైలెంట్‌ప్యాచ్, వైడ్‌స్క్రీన్ ఫిక్స్ ఈ వరసలో ఆట ఫోల్డర్‌లోనే వేసి, ఒక్కొక్కటి వేశాక ఆట తెరిచి చూడు. మూడూ ఒకేసారి వేస్తే ఏది చెడగొట్టిందో పట్టుకోలేవు. వైడ్‌స్క్రీన్ ఫిక్స్ లేకపోతే రాడార్ కోడిగుడ్డులా సాగిపోతుంది.

మెనూలో ఫ్రేమ్ లిమిటర్ ఆన్‌లోనే ఉంచు. ఇది చాలామంది చేసే తప్పు. ఫ్రేములు ఎక్కువ వస్తే మంచిదేగా అని తీసేస్తారు. ఈ ఆటలో కదలికలు ఫ్రేముల లెక్కతో ముడిపడి ఉన్నాయి, లిమిటర్ తీస్తే హీరో సీజే నీళ్లలో ఈదుతున్నా దాదాపు కదలడు.

కంచరపాలెం_కంట్రోలర్:
కొనేవాళ్లకి రెండు ముక్కలు. కంపెనీ చెప్పిన కనీస ర్యామ్ 8 జీబీ, మంచిగా నడవాలంటే 16. నీది అంచున ఉంది, బ్రౌజర్ మూసేసి ఆడు. ఇంకో ర్యామ్ స్టిక్ వేయాలనుకుంటే ద్వారకానగర్‌కి వెళ్లే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కు. ఎన్ని స్లాట్లు వాడుతున్నావో, స్పీడ్ ఎంతో అక్కడ ఉంటుంది, ఫొటో తీసుకెళ్లు. జీటీఎక్స్ కార్డుకి డీఎల్‌ఎస్‌ఎస్ (ఫ్రేములు పెంచే ఎన్విడియా ఫీచర్) రాదు, షాడోలు, రిఫ్లెక్షన్లు తగ్గించు. మన ఊరి ఉక్కకి లాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి ఆడితే పది నిమిషాల్లో ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆ తప్పు ఆటది కాదు.

మూడూ కలిపి 45 జీబీ. 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో రెండున్నర గంటలు. మూడు ఆటలూ వేర్వేరుగా దిగుతాయి కాబట్టి వైస్ సిటీ ఒక్కటే దించు, డిస్క్ నింపకు.

గాజువాక_జంక్షన్:
థాంక్స్ గురూ అందరికీ. శాన్ ఆండ్రియాస్‌కి సెక్టార్_టెన్ చెప్పినట్టే చేశా. 1.0 వరకు బాగానే వచ్చింది, కానీ ఐకాన్ నొక్కితే ఒక్క క్షణం నల్ల తెర వచ్చి ఆట మూసుకుపోతోంది. ఇంకా మోడ్లేమీ వేయలేదు.

సెక్టార్_టెన్:
డాక్యుమెంట్స్‌లో జీటీఏ శాన్ ఆండ్రియాస్ యూజర్ ఫైల్స్ అనే ఫోల్డర్ తెరువు. అందులో .సెట్ అని ముగిసే ఫైల్ ఒకటే ఉంటుంది, అది తీసెయ్. స్టీమ్ వెర్షన్ రాసిన సెట్టింగ్స్ అవి, 1.0కి అర్థం కావు. ఆట మళ్లీ తెరిస్తే కొత్తది తనే రాసుకుంటుంది. రిజల్యూషన్ మాత్రం మళ్లీ పెట్టుకోవాలి.

రుషికొండ_రైడర్:
వైస్ సిటీ స్టీమ్‌లో కొంటే ఒకటి గుర్తుంచుకో: రాక్‌స్టార్ అకౌంట్, లాంచర్ అక్కడా తప్పవు. నచ్చకపోతే 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకుండా రిఫండ్ అడగొచ్చు. లాంచర్ తెరిచి వదిలేసిన టైమ్ కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది, కాబట్టి అకౌంట్ ముందే తయారుచేసుకుని, దిగగానే క్లాసిక్ లైటింగ్ ఆన్ చేసి, సాయంత్రం పూట బీచ్ రోడ్డు మీద బండి తోలి చూడు. నీ లాప్‌టాప్‌లో ఎలా నడుస్తుందో అరగంటలో తెలిసిపోతుంది.