లంక నేలలో పండిన ఉల్లిని కుళ్లకుండా నిలవ చేయడం ఎలా?

రావులపాలెం దగ్గర గోదావరి లంకలో, పది సెంట్ల ఇసుక నేలలో, ఇంటి వాడకానికి ఈ చలికాలం మళ్లీ ఉల్లి నాటుతున్నాము. కిందటేడు చైత్రంలో పీకిన గడ్డలకు ఆ రోజే కాడలు మొదలంటా కోసి, గోనె సంచులకెత్తి అటక మీద పెట్టగా, నెల తిరగకముందే మెడలు మెత్తబడి, పైపొర కింద కాటుకలాంటి నల్ల బూజు కనిపించింది. కాడ అంగుళం మేర ఉంచి కోయాలనీ, నీడలో ఆరబెట్టాలనీ తరువాత తెలిసింది, తొందరపాటు మాదే. అయితే కోతకు 10–15 రోజుల ముందు తడి ఆపాలంటారు గాని, మా చోట రెండు మూడు అడుగులు తవ్వితేనే నీరు ఊరుతుంది. అటువంటి నేలలో గడ్డ గట్టిపడాలంటే ఏమి చేయాలి? ఆరిన గడ్డలను వెదురు మంచె మీద పలుచగా పరచడం మేలా, కాడలు కోయకుండానే జడలల్లి దూలానికి వేలాడదీయడం మేలా? మన డెల్టా తేమగాలిలో వానాకాలం దాకా నిలవ చేసిన అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.