పాత ఫ్లాట్ అమ్మేసి ఊరి చివర పెద్దది కొనడం తెలివైన పనేనా?

కిటికీపక్క
నమస్తే అందరికీ. నగరం నడిమధ్య రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో 14 ఏళ్లుగా ఉంటున్నాం. బిల్డింగ్ వయసు 22 ఏళ్లు. బాత్రూం గోడ చెమ్మ పట్టింది, లిఫ్ట్ నెలకోసారి మొరాయిస్తుంది. దీన్ని అమ్మి, తక్కువ పడ్డదానికి 20 ఏళ్ల లోన్ తీసుకుంటే ఊరి చివర కొత్త టవర్‌లో మూడు పడగ్గదులది వస్తుంది. మావారు అమ్మేద్దామంటున్నారు. నేను తేల్చుకోలేకపోతున్నాను. పదేళ్ల తర్వాత వెనక్కి చూసుకుంటే ఏది మేలనిపిస్తుంది?

లెక్కలపంతులు
ముందు ఒక్కటి చెప్పండి. మీ ఫ్లాట్‌కి నేల వాటా ఎంత? కట్టడం ఏటికేడు పాతబడేదే, దాని విలువ తగ్గేదే. పెరిగితే దాని కింద నేల పెరగాలి. తక్కువ ఫ్లాట్లున్న పాత బిల్డింగ్‌లో మనిషికి నేల ఎక్కువ వస్తుంది. టవర్‌లో మీరు డబ్బు పోసేది చాలావరకు సిమెంటుకీ, లిఫ్టులకీ, ఈతకొలనుకీ. డాక్యుమెంట్ తీసి చూసి చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.

నాలుగోఅంతస్తు
పంతులుగారూ, ఆ నేలని మన వాటా మేరకు కోసుకుని పట్టుకెళ్తామా? దాని విలువ పూర్తిగా చేతికి రావాలంటే బిల్డింగ్‌లో అందరూ కూలగొట్టి కట్టడానికి ఒప్పుకోవాలి. మా అసోసియేషన్‌లో వాటర్ ట్యాంక్ మూత మార్చడానికే ఏడాదిన్నర పట్టింది. అమ్మా, వీలైనంత తొందరగా అమ్మేయండి. పాత బిల్డింగ్ మనల్ని తినేస్తుంది.

చిన్నబాబు
ఫాలో అవుతున్నా. మా ఇంట్లోనూ ఇదే టెన్షన్.

లెక్కలపంతులు
తొందరగా అమ్మేయాలట! లోన్ సంగతి చూశారా? 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు అనుకోండి. వంద అప్పు చేస్తే మొదటి అయిదేళ్లలో కట్టేది 54. అందులో అసలు తగ్గేది 11 చిల్లర. మిగతాదంతా వడ్డీయే. ఆరో ఏట మనసు మారి అమ్ముదామనుకుంటే 88 పైన బాకీ తీర్చి బయటపడాలి. పైగా అమ్మేటప్పుడు ఒకసారి, కొనేటప్పుడు ఒకసారి కమిషన్లూ, రిజిస్ట్రేషన్ ఖర్చులూ. 'ఇరవై ఏళ్లలో నాలుగింతలైంది' అని మురిసిపోయేవాళ్లు కూడా ఒకసారి చక్రవడ్డీ లెక్క వేసుకోవాలి. ఏడాదికి 7.2 శాతమే.

అద్దెకొంప
ఆ ఇరవై ఏళ్లూ కట్టక్కర్లేకపోయిన అద్దె ఎవరి ఖాతాలో వేశారు సార్?

లెక్కలపంతులు
దానికీ, మరమ్మతులకూ, పన్నుకూ చెల్లు. అసలు విషయం నేల వాటా.

నాలుగోఅంతస్తు
మళ్లీ నేల! జపాన్‌లో నగరాల నేల ధరలు 1991 తర్వాత పడటం మొదలై పదేళ్లు దాటినా పడుతూనే వచ్చాయి. నేల ఎక్కడికీ పోదు గానీ ధర పోతుంది.

లెక్క వదిలేసి జరిగింది చెప్తాను. మాది లిఫ్ట్ లేని నాలుగో అంతస్తు. ధరలు బాగా ఉన్నప్పుడు కొన్నాను, తర్వాత పడ్డాయి. కొన్న ధరైనా రాకపోతుందా అని ఆరేళ్లు ఆగాను. ఈలోపు నాన్నకి మోకాళ్లు పోయాయి. ఆఖరి రెండేళ్లూ ఆయన కిందికి దిగింది ఆసుపత్రికే, అదీ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం మోస్తేనే. రెండో అంతస్తు మలుపులో కుర్చీ కాలు రెయిలింగ్‌కి తగిలేది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

లెక్కలపంతులు
బాధగానే ఉంది, కానీ తప్పు ఇంటిది కాదు, మీది. కొన్న ధర పట్టుకుని వేలాడారు. మీరెంతకు కొన్నారో కొనేవాడికి అనవసరం. బోస్టన్‌లో 1990లనాటి ఫ్లాట్ల అమ్మకాలను జెనెసోవ్, మేయర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2001లో ప్రచురించారు. నష్టానికి అమ్మాల్సి వచ్చినవాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువ ధర చెప్పి, ఎక్కువ కాలం అమ్ముడుపోక కూర్చున్నారు. అచ్చం మీలాగే.

నాలుగోఅంతస్తు
బోస్టన్‌వాళ్ల సంగతి నాకు తెలీదు. నేను ఆగింది ఒక్క ధర కోసమే కాదండీ. అమ్మేస్తానన్నప్పుడల్లా మా అన్నదమ్ములు 'అగ్గువకి పారేస్తున్నావు, చేతకానివాడివి' అన్నారు. మెట్ల మీద మోసింది వాళ్లలో ఒక్కడూ లేడు. మీకూ అంతే. దూరంగా కూర్చుని నేల వాటా చెప్తారు. ఆ ఇంట్లో రోజూ పడేది ఎవరో మీకు పట్టదు.

లెక్కలపంతులు
నన్ను వాళ్లతో కలపకండి. మనసు చెప్పినట్టు ఇళ్లు కొని మునిగినవాళ్లని నేనూ చూశాను. మా బావమరిది...

రాత్రిడ్యూటీ
ఇద్దరూ కాస్త ఆగండి. ఆవిడ అడిగింది పక్కకి పోయింది. కిటికీపక్క గారూ, ఆ టవర్ నుంచి ఆఫీసుకి ఎవరు వెళ్లాలి? ఎంత దూరం?

కిటికీపక్క
నేను. మావారిది ఇంటి నుంచే పని. ఇక్కడి నుంచి నాకు 25 నిమిషాలు. అక్కడి నుంచి గంట అని సేల్స్ అబ్బాయి చెప్పాడు. ఇదంతా ముందే రాయాల్సింది. కానీ ఇంట్లో ఈ మాట ఎత్తితే 'నీకు పెద్ద ఇల్లు వద్దా' అంటారు. మూడో గది ఆయన ఆఫీసుకి.

రాత్రిడ్యూటీ
సేల్స్‌వాళ్లు చెప్పే గంట ఆదివారం ఉదయం గంట. పనిరోజు ఉదయం మీరు బయల్దేరే టైముకి టవర్ గేటు దగ్గర నిలబడి అక్కడి నుంచి ఆఫీసుకి వెళ్లండి. మావారినీ... సారీ, మీవారినీ తీసుకెళ్లండి. సాయంత్రం తిరిగొచ్చాక నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో వాచ్‌మన్‌ని అడగండి.

చిన్నబాబు
ఇది బాగుంది. మేమూ చేస్తాం.

కిటికీపక్క (నాలుగు రోజుల తర్వాత)
సోమవారం వెళ్లొచ్చాం. పొద్దున గంటా నలభై, సాయంత్రం రెండు గంటలు. వెళ్లేటప్పుడు ఆయన వంటగది డిజైన్ గురించి మాట్లాడారు. వచ్చేటప్పుడు ఏం మాట్లాడలేదు. నీళ్లు ట్యాంకర్లేనట. అడ్వాన్స్ ఇవ్వడం ప్రస్తుతానికి ఆపాం. ముందు బాత్రూం చెమ్మ సంగతి చూడమని ప్లంబర్‌కి చెప్పాను. నాలుగోఅంతస్తు గారూ, మా బిల్డింగ్ లిఫ్ట్ మార్పించడానికి సంతకాలు మొదలుపెట్టాను. పదహారు ఇళ్లలో తొమ్మిది అయ్యాయి.

నాలుగోఅంతస్తు
మిగతా ఏడుగురూ పెట్టాక చెప్పండి.

లెక్కలపంతులు
సంతోషం. పదహారు ఇళ్లే అంటున్నారు కాబట్టి మళ్లీ అడుగుతున్నాను. నేల వాటా ఎంత?