అప్‌డేట్: నికోడెమస్ ఊరు ఎందుకు ఖాళీ అయిందో తేలింది

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని గ్రాహం కౌంటీలో, 1877లో కెంటకీ నుంచి వచ్చిన నల్లజాతి వాళ్లు కట్టుకున్న నికోడెమస్ ఎందుకు ఖాళీ అయిందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. రైలు సంగతి చూడమన్నవాళ్లే కరెక్ట్. అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లూ అదే చెప్పారు: 1888లో రైలు మార్గం ఊరికి రాకుండా సోలమన్ నదికి అవతల నుంచి వెళ్లింది. వ్యాపారులు దుకాణాలతో సహా అటు తరలిపోయారు, అదే ఇప్పటి బోగ్. 1930ల ధూళి తుఫాన్లే కారణమని కొందరన్నారు కానీ, అవి ఎంతో తర్వాతి మాట. అప్పటికే చిన్నదైపోయిన ఊరిని ఇంకా కుదించాయంతే.

నన్ను కదిలించింది మాత్రం తొలి రోజుల కథ. చెట్లు లేని మైదానం, కలప లేదు, అందుకే నేల తవ్వుకుని అందులోనే ఉన్నారు. 1878లో వచ్చిన విలియానా హిక్‌మన్‌కు ఊరేదీ కనబడలేదు, నేలలోంచి లేస్తున్న పొగలు తప్ప. చూసి ఏడ్చేశారట. అయినా అక్కడే నిలిచారు! అలాంటి ఊరి నుంచే ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచారు. 1996 నుంచి ఇది జాతీయ చారిత్రక స్థలం. వలస వెళ్లిన కుటుంబాల వారసులు ఏటా వేసవిలో తిరిగొచ్చి ఉత్సవం చేసుకుంటారు.