డీమార్ట్ ధరలు మిగతా షాపులకు ఎందుకు గిట్టుబాటు కావు?

ఉద్దెర_ఖాతా:
మాది 2,500 చదరపు అడుగుల సూపర్‌మార్కెట్. పెద్ద చెయిన్ల పోటీ తట్టుకోవడానికి ఎంఆర్‌పీ మీద 6 శాతం తగ్గించి అమ్ముతున్నాం. గిరాకీ పెరిగింది, కానీ చేతిలో డబ్బు ఆడటం లేదు. డీమార్ట్ పద్ధతిలో దాచిందేమీ లేదు కదా, అదే చేస్తే మనకెందుకు గిట్టదు?

టోకు_లెక్క:
మీరు తీసుకున్నది ధర ఒక్కటే. అసలు బలం కొనే దగ్గర ఉంది. డీమార్ట్ సప్లయర్లకు సుమారు వారం పది రోజుల్లో డబ్బు కట్టేస్తుంది. లెక్క చూడండి: 30 రోజుల అరువు వదిలి 7వ రోజే కడితే, మీరు ముందుగా ఇచ్చింది 23 రోజులు. 12 శాతం వడ్డీకి బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) తెచ్చి కట్టినా ఖర్చు దాదాపు 0.76 శాతం. దానికి డిస్ట్రిబ్యూటర్ 2 శాతం తగ్గిస్తే 1.24 శాతం మీకే మిగులు.

అయితే ఇది ఒంటరిగా నిలవదు. వారంలో కట్టాలంటే సరుకు త్వరగా తిరగాలి. తిరగాలంటే రకాలు తగ్గించాలి. పన్నెండు రకాల సబ్బులు పెట్టే చోట ఐదు పెడితే ఒక్కోటి ఎక్కువ కొంటారు, కొనుగోలు ధర ఇంకా తగ్గుతుంది. అరువుకే కొంటూ 6 శాతం తగ్గిస్తే అదంతా మీ మార్జిన్‌లోంచే పోతుంది.

గజం_రేటు:
భవనం సంగతి మరవకండి. డీమార్ట్ ఎక్కువగా సొంత స్థలాల్లో, లేదంటే చాలా దీర్ఘకాల లీజుల్లో ఉంటుంది. అందుకే నిదానంగా పెరిగింది: 2002లో ముంబై పోవైలో మొదలై, 2017లో షేర్లు లిస్టయ్యే నాటికి సుమారు 130 దుకాణాలు. 1997లో చెన్నైలో పుట్టిన సుభిక్ష అనే చెయిన్ సుమారు 1,600 దుకాణాల దాకా పరుగెత్తి, నగదు నిండుకుని 2009లో ఆగిపోయింది. అద్దె బకాయిలు పడ్డ బిగ్ బజార్ దుకాణాలు 2022లో వందల సంఖ్యలో రిలయన్స్ చేతికి వెళ్లాయి.

ఉద్దెర_ఖాతా:
మా భవనం సొంతమే. అంటే అద్దె లేనట్టేగా?

గజం_రేటు:
కాదండీ. బయటివాళ్లకు ఇస్తే వచ్చే అద్దెను ప్రతి నెలా ఖర్చు కింద రాయండి. అది రాయకుండా లాభం చూసుకోవడమే చాలామంది చేసే తప్పు. సొంత భవనం ఇచ్చే నిజమైన మేలు వేరు: గిరాకీ పెరిగిందని అద్దె పెంచేవాడు ఉండడు.

టోకు_లెక్క:
ఇంకొకటి. డీమార్ట్ అమ్మకాల్లో సుమారు నాలుగో వంతు బట్టలు, ఇంటి సామాన్లు. మార్జిన్ అక్కడ ఎక్కువ. కోవిడ్ కాలంలో ఆ వాటా పడిపోగానే మొత్తం మార్జిన్ కూడా తగ్గింది. కాబట్టి వాళ్ల పప్పు ధరను మీ పప్పుతో మాత్రమే పోల్చకండి.

ముందు ఒక పని చేయండి. ఒక్కో సరుకుకు మార్జిన్‌ను ఏడాదిలో తిరిగే సార్లతో గుణించండి. 100 రూపాయల కందిపప్పు మీద 5 మిగిలినా 24 సార్లు తిరిగితే ఏడాదికి 120. 18 మిగిలే షాంపూ 4 సార్లే తిరిగితే 72. ఈ లెక్కలో అడుగున ఉన్న రకాలను తీసేసి, అలా విడుదలైన డబ్బుతో ముగ్గురు పెద్ద డిస్ట్రిబ్యూటర్లకు ముందుగా కట్టి, డిస్కౌంట్‌ను బిల్లులోనే రాయించుకోండి. స్కీము కింద తర్వాత ఇస్తామంటే ఒప్పుకోకండి, ఆ బకాయి వసూలుకు నెలలు పడుతుంది.

ధర తగ్గించడం ఆ తర్వాతే. అదీ జనం ధర గుర్తుంచుకునే నూనె, పప్పు, చక్కెర లాంటి 30, 40 సరుకుల మీద చాలు.