ప్రోనేషన్, సుపినేషన్ కొలిచేటప్పుడు మోచేయి ఎందుకు మడవాలి?

ప్రశ్న (ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం విద్యార్థిని):

ముంజేతి ప్రోనేషన్ (అరచేతిని కిందికి తిప్పడం), సుపినేషన్ (అరచేతిని పైకి తిప్పడం) కదలికలను గోనియోమీటరుతో, అంటే కీలు కోణాన్ని కొలిచే పరికరంతో కొలిచేటప్పుడు మోచేతిని 90 డిగ్రీలు మడిచి, దండచేతిని ఒంటికి ఆనించి ఉంచాలని ప్రాక్టికల్స్‌లో చెప్పారు. అయితే అనటామికల్ పొజిషన్‌లో, అంటే నిటారుగా నిలబడి, చేతులు కిందికి వదిలి, అరచేతులు ముందుకు చూపినప్పుడు మోచేయి మడత పడి ఉండదు కదా. చేయి చాచి తిప్పితే అరచేయి దాదాపు ముప్పావు చుట్టు తిరుగుతోంది. మడిచి తిప్పితే అర చుట్టుకు కాస్త ఇవతలే ఆగిపోతోంది. వీటిలో దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? అలాగే మోచేయి ముందుకు మడిచినా, మోకాలు వెనక్కి మడిచినా ఫ్లెక్షన్ అనే అంటున్నారు. దిశలు వేరైనా పేరు ఒకటే ఎందుకైంది?

సమాధానం 1 (ఫిజియోథెరపిస్టు):

మీరు గమనించిన తేడా అంతా భుజం నుంచి వస్తున్నదే. చేయి చాచి ఉన్నప్పుడు దండచేయి, ముంజేయి ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి, భుజం కీలులో హ్యూమరస్ (దండచేతి ఎముక) లోపలికీ బయటికీ తిరిగే కదలిక కూడా అరచేతి తిరుగుడులో కలిసిపోతుంది. చూసేవారికి ఏది ఎంతో విడదీయడం సాధ్యం కాదు. మోచేతిని మడిచి ఒంటికి ఆనిస్తే, భుజం ఏ కొంచెం తిరిగినా ముంజేయి మొత్తం పొట్ట మీదికో పక్కకో జరిగి దొరికిపోతుంది. పిడికిట్లో పెన్సిలు నిలువుగా పట్టించి, బొటనవేలు పైకి ఉన్న స్థితిని సున్నాగా తీసుకుంటే, ఆరోగ్యవంతులకు అటూ ఇటూ సుమారు 80 డిగ్రీల చొప్పున వస్తుంది.

ప్రోనేషన్‌లో అల్నా (ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక) దాదాపు నిలకడగా ఉంటుంది, రేడియస్ (బొటనవేలి వైపు ఎముక) దాని మీదుగా అడ్డంగా దాటుతుంది. మణికట్టు దగ్గర రేడియస్ విరిగి, కట్టు విప్పాక మా దగ్గరికి వచ్చేవారిలో కొందరు గుడిలో తీర్థం పట్టలేకపోతున్నామని చెబుతారు. అరచేయి పైకి తిరగని లోటును వారు మోచేతిని పొట్ట ముందుకు లాక్కుని, ఒంటిని పక్కకు ఒరగబెట్టి తమకు తెలియకుండానే పూడ్చుకుంటారు. చేయి చాచి కొలిస్తే ఆ లోటు మనకూ కనిపించదు.

సమాధానం 2 (అనాటమీ అధ్యాపకుడు):

రెండో ప్రశ్నకు జవాబు పిండ దశలో ఉంది. ఆరో వారం నుంచి ఎనిమిదో వారం లోపల చేయి బయటి వైపుకు, కాలు లోపలి వైపుకు దాదాపు 90 డిగ్రీలు తిరుగుతాయి. అందువల్లనే మోచేతి మొన వెనక్కీ, మోకాటి చిప్ప ముందుకూ వచ్చాయి. ఆ లెక్కన దండచేతి వెనకున్న ట్రైసెప్స్ కండరానికి కాలిలో జోడు తొడ ముందున్న క్వాడ్రిసెప్స్ అవుతుంది, రెండూ ఎక్స్‌టెన్సర్లే, అంటే కీలును చాపే కండరాలే.

ముందుకు పోతే ఫ్లెక్షన్ అని బట్టీ పట్టినవారు మోకాలి దగ్గర ఒకసారి, బొటనవేలి దగ్గర మరోసారి తడబడతారు. బొటనవేలు తక్కిన వేళ్ళకు దాదాపు లంబంగా తిరిగి ఉంటుంది. బల్ల మీద చేతిని వెల్లకిలా ఉంచి బొటనవేలిని ఇంటికప్పు వైపు లేపితే అది అబ్డక్షన్. అరచేతి మీదుగా చిటికెనవేలి వైపు జరిపితే ఫ్లెక్షన్. కార్పల్ టనల్‌లో (మణికట్టులోని ఇరుకు దారిలో) మీడియన్ నరం బాగా నలిగితే బలహీనపడేది మొదటిది. అందుకే బొటనవేలిని పైకి లేపమని చెప్పి, మన వేలితో అడ్డుకుని చూస్తాం. చీలమండ విషయంలో మాత్రం ఏది ఫ్లెక్షన్ అన్న వాదనకు దిగకుండా డార్సీఫ్లెక్షన్ (పాదం పైకి లేపడం), ప్లాంటార్‌ఫ్లెక్షన్ (పాదం కిందికి వంచడం) అని రాయడమే మేలు.

సమాధానం 3:

భుజం తిరుగుడును మోచేతి ఖాతాలో వేసే పొరపాటు క్రికెట్‌లో ఏళ్ళ తరబడి నడిచింది. బౌలర్లకు అనుమతించిన 15 డిగ్రీలు మోచేయి ఎంత వంగి ఉందన్నదానికి సంబంధించినవి కావు. చేయి భుజం ఎత్తుకు వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా మోచేయి ఎంత ఎక్స్‌టెన్షన్‌కు లోనైందన్న, అంటే ఎంత చాచుకుందన్న తేడాకు సంబంధించినవి. శ్రీలంక స్పిన్ బౌలర్ ముత్తయ్య మురళీధరన్ మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాచుకోదు. అలా వంగిన చేయి భుజం దగ్గర వేగంగా తిరిగితే, ఒక్క వైపు నుంచి చూసే కెమెరాకు మోచేయి విప్పుకున్నట్లే కనిపిస్తుంది. ఒంటి మీద గుర్తులు అంటించి, పలు కెమెరాలతో మూడు కొలతల్లోనూ (3డీలో) లెక్కగట్టే పద్ధతి అందుకే అవసరమైంది.

ప్రశ్న వేసినవారి స్పందన:

అందరికీ ధన్యవాదాలు. మోచేయి 90 డిగ్రీల వరకు మడవలేని రోగి వస్తే ఏం చేయాలి?

సమాధానం 1 (మళ్ళీ):

మడవగలిగినంత వరకే మడిపించి, దండచేయి తిరగకుండా మీ రెండో చేత్తో గట్టిగా పట్టి ఉంచి కొలవండి. కొలత పక్కనే మోచేయి ఎన్ని డిగ్రీల వద్ద ఉందో రాయండి. వచ్చే వారం వేరొకరు కొలిచినా అదే భంగిమలో కొలవాలి.