స్టాప్ విజిల్ దగ్గర్లో వింటుంది, దూరం వెళ్తే వినదు: పది నెలల లాబ్రడార్

మెల్టన్‌రోడ్:
అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఉంటాం. మాది పది నెలల ఆడ లాబ్రడార్, వర్కింగ్ లైన్, అంటే వేట పని కోసం పెంచిన వంశం. ఈ సీజన్‌కి కాకపోయినా పై సీజన్‌కి షూట్‌లో (తుపాకులతో చేసే పక్షుల వేటలో) పికింగ్ అప్‌కి, అంటే పడ్డ పక్షుల్ని వెతికి తెచ్చే పనికి, తయారుచెయ్యాలని ఆలోచన. విజిల్ ఆక్మే కంపెనీది, నంబరు 211.5. మూడు చోట్ల చిక్కుకున్నాం.

స్టాప్ విజిల్, అంటే ఆగి కూర్చోమనే పొడుగు ఈల, వేస్తే పది మీటర్ల లోపు టక్కున కూర్చుంటుంది. నలభై మీటర్లలో వేస్తే పరుగెత్తుకొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంటుంది. రెండోది, పిలుపు ఈల, పిప్ పిప్ పిప్, మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు సగం దూరం వచ్చి నెమ్మదిస్తోంది, ఒక్కోసారి నిలబడి చూస్తోంది. మూడోది, ఏప్రిల్ నుంచి అమ్మానాన్న ఆరు నెలలు ఇక్కడే ఉంటారు. అందుకని నోటి కమాండ్లు తెలుగులో పెడదామనుకుంటున్నాం: రా, ఆగు, కూర్చో, అటు, ఇటు, వెనక్కి, వెతుకు. సరిపోతాయా?

తడిగడ్డి:
మీ మొదటి రెండు ఇబ్బందులకీ మూలం దాదాపు ఒకటేనండి. ఆపడం నేర్పడానికి కుక్కని పిలిచి, అది వస్తుండగా సగం దారిలో పొడుగు ఈల వేస్తున్నారేమో చూసుకోండి. చాలామంది అలాగే మొదలుపెడతారు. పది పిలుపుల్లో నాలుగుసార్లు మధ్యలో ఆపితే, ఐదోసారి ఈల లేకుండానే బ్రేకు వేస్తుంది. మూడు వారాలు ఆ అభ్యాసం పూర్తిగా మానండి. ఆ మూడు వారాలూ పిలుపు ఈలకి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి నోట్లో పడాలి. తిండి గిన్నె కింద పెట్టే ముందు కూడా అదే పిలుపు ఈల వెయ్యండి.

ఇక కాళ్ల దగ్గరికి రావడం. ఇన్నాళ్లూ కూర్చున్నందుకు ముక్క మీ చేతి నుంచే అందింది కదా, అందుకే దాని లెక్కలో పొడుగు ఈల అంటే 'వెళ్లి ఆయన ముందు కూర్చో'. బహుమతి దాని వెనక పడితే ఆ లెక్క మారుతుంది.

గడ్డి పొట్టిగా ఉండి, కుందేళ్ల వాసన లేని చోటు చూసుకోండి. జేబులో రెండు టెన్నిస్ బంతులు. కుక్క మీకు రెండు మూడు మీటర్ల దూరంలో తిరుగుతున్నప్పుడు ఒక సెకను పొడుగు ఈల, వెంటనే అరచెయ్యి దానివైపు చూపిస్తూ చెయ్యి పైకి. కూర్చోకపోతే అర సెకను ఆగి 'కూర్చో'. ఈల ముందు, మాట తర్వాత. రెండూ కలిపి చెప్పినా, మాట ముందొచ్చినా కుక్క తనకి తెలిసిన మాటనే పట్టుకుంటుంది, ఈల వట్టి చప్పుడైపోతుంది. కూర్చోగానే బంతి దాని తల మీదుగా వెనక్కి విసిరి, ఒక క్షణం ఆగి, తెచ్చుకోమని వదలండి. కొన్నాళ్లకి ఈల వినగానే ఒళ్లు వెనక్కి వాలుతుంది, మీవైపు తూలదు. అదే కావాలి.

రోజుకి రెండు పూటలా ఐదారు ఈలలు చాలు. పదింట తొమ్మిది సార్లు మాట లేకుండా కూర్చున్నాకే దూరం పెంచండి: మూడు, ఐదు, ఎనిమిది, పన్నెండు, ఇరవై, ముప్ఫై, నలభై. ఒక్కో దూరానికి రెండు మూడు రోజులు. వరసగా రెండుసార్లు తప్పిందంటే వెనకటి దూరానికి వెళ్లిపోండి. పది నుంచి నలభైకి ఒక్క దూకు కుక్కకి కొత్త పాఠమే, తెలిసిన పాఠం కాదు.

ఈలకి ఆగకపోతే మళ్లీ ఈల వెయ్యకండి. నోరు మెదపకుండా నడిచి వెళ్లి, ఈల వినిపించినప్పుడు ఎక్కడుందో అక్కడికే తీసుకొచ్చి కూర్చోబెట్టండి. అక్కడ ఒక్క ఈల. మూడు నాలుగు సార్లు ఊదితే మొదటి మూడూ లెక్కలోవి కావని మీరే నేర్పినట్టు. కోపం చూపించకూడదు. తిట్లు తిన్న లాబ్రడార్ ఆగడం నేర్చుకోదు, మీ చేతికి చిక్కకుండా తిరగడం నేర్చుకుంటుంది.

గోదారిగట్టు:
తెలుగు కమాండ్ల సంగతి. కుక్కకి భాషతో పని లేదు గానీ మీ జాబితాలో సగం మార్చాలి.

ముందు 'రా' తీసెయ్యండి. తెలుగింట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఎన్ని 'రా'లు! ఏంట్రా, ఇట్రా, తిన్నావురా, పోరా. ఫోన్లో స్నేహితుడితో మాట్లాడినా అదే. తనకి సంబంధం లేని 'రా' వందసార్లు విన్న కుక్క, నూట ఒకటోసారి చెవి కదపదు. 'దగ్గరికి' పెట్టుకోండి, ఎవరూ ఊరికే అనరు.

'అటు', 'ఇటు' మధ్య తేడా ఒక్క అచ్చు. ఎదురుగాలిలో యాభై మీటర్ల అవతల వినిపించేది 'టూ' ఒక్కటే. కుడి ఎడమలు చెప్పాల్సింది మాట కాదు, చెయ్యి. చెయ్యి భుజం ఎత్తున పూర్తిగా చాచి, ఆ వైపు ఒక అడుగు వేసి, రెండు పక్కలకీ ఒకే మాట వాడండి. బ్రిటన్‌లో 'గెట్ అవుట్' అంటారు, మీరు 'పక్కకి' అనుకోవచ్చు.

'వెనక్కి', 'వెతుకు' రెండూ 'వె'తో మొదలవుతాయి, కానీ పనులు పూర్తిగా వేరు. ఒకటి తలెత్తి తిన్నగా దూరం పరుగెత్తమని, రెండోది ముక్కు దించి అక్కడక్కడే తిరగమని. 'వెనక్కి' ఉంచండి, చెయ్యి నిటారుగా ఎత్తి గట్టిగా, తెగినట్టు చెప్పాలి. వెతకడానికి ఇంగ్లీషువాళ్లు 'హై లాస్ట్' అని మెత్తగా సాగదీస్తారు. మనకి 'ఎక్కడుందీ...' చక్కగా కుదురుతుంది. ఆ సాగదీతే కుక్కని చిన్న చోట నిలబెడుతుంది.

'ఆగు' అక్కర్లేదు. కూర్చోమంటే ఇంకో మాట వచ్చేదాకా కూర్చునే ఉండాలి. మీ జాబితాలో లేనిది 'ఇవ్వు'. నోట్లోది చేతికివ్వడానికి ఒక మాట తప్పనిసరి.

పెద్దవాళ్లకి మూడు మాటలే నేర్పండి: కూర్చో, దగ్గరికి, వద్దు. ఆడకుక్క కాబట్టి అమ్మగారి నోట 'కూర్చోవే', 'కూర్చోమ్మా' వస్తాయి. ఇంట్లో ఫర్వాలేదు, కానీ పొలంలో మీ నోట ఎప్పుడూ ఒకటే రూపం ఉండాలి. విజిల్ మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి.

రెండుపిప్పులు:
ఈల ఊదే తీరు గురించి ఎవరూ చెప్పలేదు. ఆక్మే నంబరు దాని శ్రుతిని చెబుతుంది. మామూలుగా స్పానియల్ (ఇంకో వేటకుక్క జాతి) వాళ్లు 210.5, లాబ్రడార్ వాళ్లు 211.5 కొంటారు, అదేం శాసనం కాదు. అసలు లాభం ఏంటంటే, పోగొట్టుకుంటే అదే నంబరు కొనుక్కోవచ్చు, కుక్కకి తేడా తెలియదు. ఇద్దరు శిక్షణ ఇస్తుంటే ఇద్దరి దగ్గరా ఒకే నంబరు. లోపల గింజ ఉన్న విజిల్ వద్దు, ఉమ్మి తగిలితే గింజ ఇరుక్కుని ఈల మారిపోతుంది.

పిప్‌లు ఊపిరితో కాదు, నాలుకతో తెంచాలి. 'తు తు తు' అన్నట్టు. పొడుగు ఈల చివర కూడా నాలుకతోనే మూసెయ్యాలి. దిబ్బ ఎక్కి ఆయాసంగా ఉన్నప్పుడు ఊదిన పొడుగు ఈల మధ్యలో తెగి రెండు ముక్కలవుతుంది, అది కుక్కకి పిలుపులా వినిపిస్తుంది. మీ కుక్క నలభై మీటర్లలో పరుగెత్తుకొస్తోందంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు. ఫోన్ నలభై మీటర్ల అవతల పెట్టి రికార్డు చేసి వినండి. దగ్గర్లో మెల్లగా ఊదండి, గట్టి ఈల దూరానికి దాచుకోండి.

రెండు పిప్‌ల మలుపు ఈల స్పానియల్‌కి, తుపాకీ ముందు అటూ ఇటూ వెతుకుతూ తిరిగేవాటికి. మీకు ఇప్పుడు అవసరం లేదు.

ఇంకో మాట. ఓపెన్ యాక్సెస్ భూముల్లో, అంటే ఎవరైనా నడవడానికి చట్టం అనుమతించిన బయలు భూముల్లో, మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్క రెండు మీటర్లు దాటని పట్టీ మీద ఉండాలి. దూరం అభ్యాసానికి రైతునడిగి పొలం చూసుకోండి.

మెల్టన్‌రోడ్:
చాలా థ్యాంక్సండి. రికార్డు చేసి విన్నాను, మీరన్నట్టే పొడుగు ఈల చివర తెగుతోంది. ఇంకొక్కటి: డమ్మీ (అభ్యాసంలో పక్షికి బదులు వాడే మూట) కోసం వెళ్తున్నప్పుడు ఆపే అభ్యాసం ఎప్పుడు మొదలుపెట్టాలి?

తడిగడ్డి:
ముందు డమ్మీ లేకుండా నలభై మీటర్లు గట్టిపడాలి. తర్వాత కూడా, పడటం తను చూసిన డమ్మీకి వెళ్తున్న కుక్కని ఆపకండి. చూడని డమ్మీకి పంపినప్పుడు మాత్రం, అదీ ఐదారుసార్లకి ఒకసారి. ఎక్కువైతే ఈల లేకుండానే ఆగి వెనక్కి తిరిగి 'ఇప్పుడెటు?' అని చూడటం మొదలవుతుంది. దాన్నే పాపింగ్ అంటారు, వదిలించడం చాలా కష్టం. అలా చూస్తే చెయ్యి చూపించకండి, అడిగితే జవాబొస్తుందని నేర్చుకుంటుంది. నిశ్చలంగా నిలబడండి. తనంతట తాను కదిలితే సరే. కదలకపోతే పిలిచేసి, సగం దూరం నుంచి, గోడ వెంబడి తిన్నగా మళ్లీ పంపండి. 450 గ్రాముల కాన్వాస్ డమ్మీలు రెండు మూడు ఒకే చోట పడేసి ఉంచండి, వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరకాలి.