ఎత్తులో పనికి హార్నెస్ కొనాలి, ఏం చూసి తీసుకోవాలి?

రేకుల పని:
మా గ్యాంగ్‌లో ఎనిమిది మందిమి. షెడ్లకు రేకులు వేయడం, పాతవి మార్చడం, అప్పుడప్పుడూ ట్యాంకు నిచ్చెనల పని. ఇన్నాళ్లూ నడుముకు కట్టే బెల్టులతోనే లాక్కొచ్చాం. ఇప్పుడు కొత్త కాంట్రాక్టువాళ్లు ఫుల్ బాడీ హార్నెస్ (భుజాలకీ తొడలకీ కూడా పట్టీలుండేది) లేకపోతే గేటు కూడా దాటనివ్వం అంటున్నారు, కొనే బాధ్యత నా నెత్తిన పడింది. షాపులో చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకదానికి ఒకే రింగు, ఇంకోదానికి ఐదు. షెడ్డు ఎత్తు సుమారు 5 మీటర్లు. వాడినవాళ్లు చెప్పండి.

టవర్ మనిషి:
రింగులు ఎక్కువుంటే మంచిదని కాదు అన్నా, ఏ రింగు దేనికో తెలియాలి. వీపు మీద, భుజం ఎముకల మధ్య ఉండేది పడితే ఆపడానికి. ఛాతీ మీదది నిచ్చెన ఎక్కేటప్పుడు లైఫ్‌లైన్‌కు, అంటే నిచ్చెన పొడవునా కట్టే రక్షణ తాడుకు, తగిలించడానికి పనికొస్తుంది. నడుముకి రెండు పక్కలా ఉండేవి స్తంభానికి ఆనుకుని రెండు చేతులతో పని చేసుకోడానికి మాత్రమే, వాటికి హుక్ తగిలించి పడ్డావంటే నడుము విరుగుతుంది. భుజాల మీదవి గోతుల్లోంచి, ట్యాంకుల్లోంచి మనిషిని నిలువుగా పైకి లాగడానికి. మీకు వీపు రింగు, ఛాతీ రింగు ఉంటే చాలు. లేబుల్ మీద ఈఎన్ 361 (పడితే ఆపే హార్నెస్‌కి యూరప్ ప్రమాణం) ఉందో లేదో చూడు, 358 ఒక్కటే ఉంటే అది ఆనుకుని పని చేసే బెల్టు, పడితే ఆపేది కాదు.

పాత మేస్త్రి:
ఇరవై ఏళ్లు నడుము బెల్టుతోనే చేశాను, ఏమీ కాలేదు. ఇప్పటి పిల్లలకి అన్నిటికీ టెన్షనే.

టవర్ మనిషి:
బాబాయ్, మీరు పడలేదు కాబట్టి ఆ బెల్టుకి పరీక్షే రాలేదు. 2 మీటర్లు పడేసరికి మనిషి వేగం గంటకి 22 కిలోమీటర్లు దాటుతుంది, ఆ గుంజు మొత్తం పొట్ట మీద పడితే లోపల ఏముంటుంది? హార్నెస్ అయితే తొడలకీ భుజాలకీ పంచుతుంది, వేలాడేటప్పుడు మనిషిని నిటారుగా ఉంచుతుంది. అమెరికాలో పడితే ఆపడానికి నడుము బెల్టు వాడకూడదని 1998 జనవరి 1 నుంచే రూలు.

పర్మిట్ బాబు:
అందరూ హార్నెస్ గురించే మాట్లాడుతున్నారు, అసలు ప్రమాదం ఆ 5 మీటర్ల దగ్గరుంది. లెక్క చూడండి. హార్నెస్‌ని హుక్కుకి కలిపే మామూలు తాడు 2 మీటర్లు, దానికుండే షాక్ అబ్జార్బర్ (గుంజు తగ్గించే మడత పట్టీ) చిరిగి సాగేది 1.75 మీటర్ల దాకా, వీపు రింగు నుంచి పాదాల వరకు 1.5 మీటర్లు, కింద మిగలాల్సిన ఖాళీ 1 మీటరు. మొత్తం 6.25. హుక్ తగిలించిన చోటు నుంచి కిందికి అంత ఖాళీ ఉండాలి. రేకుల మీద హుక్ కాళ్ల దగ్గరే ఉంటుంది కదా, అంటే అన్నీ సరిగ్గా పనిచేసినా మనిషి నేలకి తగులుతాడు! మా సైట్లో ఈ లెక్క ఎవరూ వేయలేదు, ఏడాది పాటు అలాగే ఎత్తులో పనికి పర్మిట్లు ఇచ్చారు, సంతకాల్లో నాదీ ఉంది.

మీకు నా సలహా, అంచుదాకా చేరలేనంత పొట్టి తాడు పెట్టి, పడే అవకాశమే లేకుండా చేయండి. లేదా తనంతట తనే చుట్టుకునే బ్లాక్ తీసుకోండి, అది చాలా తక్కువ దూరంలోనే లాక్ అవుతుంది. కానీ కాళ్ల దగ్గర కట్టి వాడొచ్చని, పదునైన అంచు మీద తెగదని కంపెనీ రాసిచ్చిన మోడలే కావాలి. రేకు అంచు కత్తిలాంటిది.

రేకుల పని:
అమ్మో, ఇది మాకెవరూ చెప్పలేదు. మరి రేకు విరిగి లోపలికి పడితే? మాకు ఎక్కువ భయం అదే, వెలుతురు కోసం వేసే ప్లాస్టిక్ షీట్లు.

పర్మిట్ బాబు:
దానికి పొట్టి తాడు పనికిరాదు, నువ్వు అంచుకి కాకుండా నడిమధ్యలో పడతావు. కింద వల కట్టాలి, పైన నడవడానికి పలకలు వేయాలి. హార్నెస్ అన్నిటికీ మందు కాదు.

రంగుల అక్క:
నేను పెయింటింగ్ సైడు. కొనే ముందు తొడుక్కుని, వీపు రింగుకి కట్టి నేలకి అడుగు ఎత్తులో రెండు నిమిషాలు వేలాడి చూడండి, సిగ్గుపడొద్దు. ఎక్కడ కోస్తుందో అప్పుడే తెలుస్తుంది. తొడ పట్టీలోంచి చెయ్యి చాపి పెడితే దూరాలి, పిడికిలి దూరకూడదు. ఛాతీ పట్టీ మెడ వైపు జరిగేలా ఉంటే వద్దు. ఒకటే సైజు అందరికీ సరిపోతుందంటే నమ్మకండి, మా వాళ్లు మగవాళ్ల కొలతకి తెచ్చినవి నాకు భుజాల మీంచి జారిపోయేవి. బరువు కూడా చూడండి. లేబుల్ మీద 100 కిలోలని ఉంటే అది మనిషి, బూట్లు, డ్రిల్లు, జేబులో మేకులు అన్నీ కలిపి. మాలో ఒకతను ఒంటి మీదే 96 ఉన్నాడు, టూల్ బెల్టు కట్టేసరికి దాటిపోయాడు. 140 కిలోలకి చేసినవీ దొరుకుతాయి, అబ్జార్బర్ కూడా అంతకే ఉండాలి.

టవర్ మనిషి:
రెండు కొసల తాడు (ఒక హుక్ తీసి మార్చేటప్పుడు రెండోది తగిలి ఉండేలా) తీసుకుంటే ఒక విషయం. వాడని రెండో హుక్కుని నడుము పక్క ఇనుప రింగుకి తగిలించేస్తారు, అందరం చేసేదే. అలా చేస్తే పడినప్పుడు అబ్జార్బర్ సరిగ్గా తెరుచుకోదు, గుంజు నేరుగా ఒంటికి వస్తుంది. హుక్ పెట్టడానికి ఛాతీ దగ్గర బలం పడితే ఊడిపోయే చిన్న పట్టీ ఉంటుంది, అది ఉన్న హార్నెస్సే కొను.

వెల్డర్:
వెల్డింగ్ చేసేవాళ్లుంటే మామూలు పాలిస్టర్ పట్టీ వద్దు, నిప్పురవ్వకి చిల్లు పడుతుంది, వేడికి తట్టుకునే అరామిడ్ దారంతో చేసినవి ఉంటాయి. పట్టీ మీద మార్కర్‌తో పేర్లు రాయకండి, సిరా కూడా పట్టీని పాడుచేయొచ్చు. ఎండలో ఆరేయకండి. కుట్లు పట్టీకి వేరే రంగులో ఉంటే తెగినవి చటుక్కున కనిపిస్తాయి. ఒకసారి పడి ఆగిందంటే దాని పని అయిపోయినట్టే, చూడటానికి కొత్తదిలా ఉన్నా సరే.

రంగుల అక్క:
ఇంకోటి, పడి వేలాడుతున్న మనిషిని దించేదెవరు? తొడ పట్టీలు రక్తాన్ని కాళ్లలోనే ఆపేస్తాయి, కదలకుండా వేలాడితే కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. నిచ్చెన ఎక్కడుంది, ఎవరు ఎక్కుతారు, పని మొదలెట్టక ముందే మాట్లాడుకోండి. కాళ్లు మోపి నిలబడటానికి వేలాడే పట్టీలు విడిగా దొరుకుతాయి, హార్నెస్ పక్కన చిన్న సంచిలో పడి ఉంటాయి.

రేకుల పని:
మూడు సైజుల్లో తెప్పించి ఇవాళ ఎనిమిది మందినీ వేలాడదీశాను, ఒకరికి వెంటనే పెద్దది మార్చాల్సి వచ్చింది, ఇంకొకరు తొడ పట్టీలు వదులుగా పెట్టుకుని ఎందుకు కేక వేశారో చెప్పను. పొట్టి తాళ్లు, ఒక బ్లాక్ ఆర్డర్ పెట్టాం, వల అద్దెకి అడుగుతున్నాం. మరి పాత బెల్టులు ఏం చేయాలి? ఇంకా గట్టిగానే ఉన్నాయి.

పాత మేస్త్రి:
ముక్కలుగా కోసి పారెయ్ నాయనా. ఊరికే పడేస్తే ఎవడో ఒకడు ఏరుకుని కట్టుకుంటాడు.